286 గుర్రాలు, ఒక చెరువు గట్టు

మా బావగారికి ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నిరుడు రెండు పట్టుబళ్ళూ కలిసొచ్చాయి. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది) బాగుంది, రేటూ నిలబడింది. అలా కలిసొచ్చిన ఏడు ఆయన చెయ్యి ఊరుకోదు. అంతకు ముందోసారి ఇంటి మీద అంతస్తు లేపారు. ఈసారి బెంజి కారు మీద మనసు పడింది. కొత్తది కాదు, కొన్నేళ్ళు తిరిగిన ఈ-క్లాస్. హైదరాబాదు వెళ్ళి రెండు బళ్ళు చూసొచ్చారు. ఒకటి ఈ 220డి, రెండోది ఈ 350డి. ఆ రాత్రే పదిన్నరకి ఫోను.

"ఏవోయ్, ఒకదానికి 194 హెచ్‌పీ, ఇంకోదానికి 286 అంట. తేడా డబ్బు నేను చూసుకుంటాలే. 286 దొరుకుతుంటే 194 ఎవడన్నా కొంటాడా?"

"ఎంత ఆర్‌పీఎం దగ్గరండీ?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "కారు గురించి అడిగితే పంపుసెట్టు సంగతి ఎత్తుతావేంటి" అని పెట్టేశారు.

ఆర్‌పీఎం అంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు. ఆయన విసుక్కున్నారు గానీ నేను ఎత్తింది సరైన సంగతే. అది ఫోనులో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెరువుల మీద జనరేటర్లు బాగుచేసుకునేవాణ్ణి. డిప్లమా చదివాను గానీ, ఇంజన్ల గురించి అసలు చదువు అంతకు ముందే, మా నాన్నగారి ఆయిలింజను దగ్గర మొదలైంది. దాళ్వాలో వంతులవారీగా నీళ్ళు వదిలే రోజుల్లో బోదెలో నీరు కిందకి పోతే చేలోకి ఎక్కించడానికి దాన్ని బండి మీద వేసుకుని తీసుకెళ్ళేవాళ్ళం. హ్యాండిల్ పెట్టి నాలుగు చుట్లు గట్టిగా తిప్పి, పైన లివర్ వదిలేస్తే ఒక నల్లటి పొగ ముద్ద కక్కి అందుకునేది. పక్కన చిన్న రేకు ఉండేది. దాని మీద గ్రీజూ దుమ్మూ అట్టకట్టి ఏమీ కనపడేది కాదు. కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దితే అక్షరాలు పైకొచ్చేవి: 5 హెచ్‌పీ, 1500 ఆర్‌పీఎం. రెండూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో. ఇంజను కొనే రైతు ఆ రెండూ చూసేవాడు, ఎందుకంటే పంపు ఎంత వేగంలో తిరిగితే నీళ్ళు పోస్తుందో తెలియకుండా హెచ్‌పీ ఒక్కటీ తెలిస్తే ఏం లాభం?

అదే రైతు కొడుకు ఇవాళ షోరూముకి వెళ్ళి ఆర్‌పీఎం అడగడు. బ్రోషర్‌లో హెచ్‌పీ పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆర్‌పీఎం కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మన కళ్ళు పెద్దక్షరాల దగ్గరే ఆగిపోతాయి.

లెక్క ఏమంత కష్టం కాదు. టార్క్ అంటే ఇంజను తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో, పొట్టిగా ఎన్‌ఎంలలో చెబుతారు. దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. కిలోవాటుకి ఇంచుమించు 1.36 హెచ్‌పీ. మా ఆయిలింజను లెక్క వెనక్కి కడితే 1,500 దగ్గర దాని టార్క్ 23 ఎన్‌ఎం పైచిలుకు. ఒకటే సిలిండరు, 80 మిల్లీమీటర్ల బోరు, 110 స్ట్రోకు, మొత్తం 553 సీసీ. కిర్లోస్కర్ వాళ్ళ ఆ సైజు ఇంజను చూడనివాడు మా జిల్లాల్లో ఉండడు.

ఇప్పుడు బెంజి సంగతి. 220డిలో ఉండేది నాలుగు సిలిండర్ల 1,950 సీసీ డీజిల్. 350డిలో, బావగారు చూసిన బండిలో, వరసగా ఆరు సిలిండర్లు, 2,925 సీసీ. రెండింటినీ సిలిండర్ల లెక్కన భాగించి చూడండి. రెండింటికీ 487న్నరే వస్తుంది. అంటే అదే సిలిండరు, ఒకదాంట్లో నాలుగు పెట్టారు, ఇంకోదాంట్లో ఆరు. ఒక్కో సిలిండరు మా నాన్నగారి ఆయిలింజను కన్నా చిన్నది. అయినా 220డిలో ఒక్కో సిలిండరు వాటాకి 48 హెచ్‌పీ పైన, 100 ఎన్‌ఎం వస్తున్నాయి. ఆ మిగతాదంతా టర్బో కూరిన గాలి, 2,000 బార్లకు పైన ఒత్తిడితో నాజిల్ చిమ్మే డీజిల్. మన పంపుసెట్టు నాజిల్ 200 దగ్గర తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది. బావగారి చెరువు మీద కాపలా ఉండే కుర్రాడు ఈ లెక్కలు విని, "అయితే 286 అంటే రెండు హెచ్‌పీ ఏరేటర్లు నూట నలభైమూడు తిప్పొచ్చాండీ?" అన్నాడు. ఏరేటర్లంటే చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు. వాడు హాస్యానికి అడగలేదు. నేను చెప్పిన జవాబు కూడా హాస్యం కాదు. జనరేటరు మీద రెండు రకాల రేటింగులు ఉంటాయి: కరెంటు పోయిన కాసేపు ఆదుకునేది ఒకటి, గంటల తరబడి మోసేది ఒకటి. మొదటిది ఎప్పుడూ పెద్ద అంకె. కారు హెచ్‌పీ అంతకన్నా పొట్టి ఆయుష్షున్న అంకె. మా ఆయిలింజను 5 అంటే తెల్లవార్లూ 5. కారు 286 అంటే యాక్సిలరేటరు నేలకి నొక్కిన ఆ కొద్ది సెకన్లు, అదీ 3,400 ఆర్‌పీఎం దాటాక. కుర్రాడికి మాత్రం నిరాశ కలిగింది.

అందుకే నేను బ్రోషర్‌లో మొదట చూసేది టార్క్ ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా ఉంది అని. 220డికి 400 ఎన్‌ఎం, 1,600 నుంచి 2,800 దాకా. 350డికి 600 ఎన్‌ఎం, 1,200 నుంచి 3,200 దాకా. 194 హెచ్‌పీ వచ్చేది 3,800 దగ్గర. మన రోడ్ల మీద డీజిల్ కారు 3,800 తిరగడం ఎప్పుడన్నా చూశారా? నేను జనరేటర్ల మనిషిని, ఆ శబ్దం వింటే నాకు గాభరా.

బావగారి వాదన ఇక్కడ బలపడుతుందని నాకు తెలుసు. 1,200 దగ్గరే 600 ఎన్‌ఎం అంటే పెద్ద ఇంజను కింద నుంచే గెలుస్తోంది కదా? గెలుస్తోంది. కానీ ఆ గెలుపు మనకి ఎక్కడ కావాలి?

మన గోదావరి డెల్టా పళ్ళెంలా ఉంటుంది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అక్కణ్ణుంచి కాలవల్లో నీళ్ళు వాటంతట అవే సముద్రం వైపు జారేటంత వాలు ఉంది, అంతకు మించి లేదు. మనం కారుతో ఎక్కే ఎత్తులన్నీ మనుషులు కట్టినవే. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన, ఊళ్ళ మీది ఫ్లైఓవర్లు, లాకుల దగ్గర కాలవ వంతెనలు. అంతే.

ఇంత చదునైన నేల మీద ఈ సైజు కారు గంటకి 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి ఎంత బలం కావాలో కట్టాను. గాలి అడ్డు సుమారు 270 న్యూటన్లు, టైర్ల అడ్డు సుమారు 200. ఈ కార్లు గాలిని బాగా కోస్తాయి కాబట్టి అంత తక్కువ. రెండూ కలిపి సెకనుకి 27.8 మీటర్లతో గుణిస్తే 13 కిలోవాట్లు, అంటే 18 హెచ్‌పీ. ఏసీ బరువు కూడా వేస్తే 20 దాటుతుంది. నాలుగు ఆయిలింజన్లు. నాలుగు వరసల హైవే మీద కారుకి చట్టం ఇచ్చిన వేగం కూడా ఆ 100యే. మిగిలిన 174 హెచ్‌పీ దేనికి, ఆ పైన మిగిలిన 266 దేనికి?

బస్సుని దాటడానికి అంటారు. నిజమే, అక్కడే లెక్క ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ పని చేసేది ఇంజను ఒక్కటే కాదు.

ఈ రెండు బళ్ళలోనూ ఉండేది ఒకే జాతి గేర్‌బాక్స్, తొమ్మిది గేర్ల ఆటోమేటిక్. మొదటి గేరు ఇంజను టార్క్‌ని అయిదు రెట్లకు పైగా పెంచుతుంది. ఆరో గేరు నిష్పత్తి సరిగ్గా 1. తొమ్మిదోది 0.6. అంటే కింద నుంచి పైకి తొమ్మిది రెట్ల వరకు తేడా. అరవైలో పోతున్న ఆర్టీసీ బస్సు వెనక 220డి ఆరో గేరులో ఉందనుకోండి. ఇంజను 1,250 ప్రాంతంలో తిరుగుతుంటుంది. ఆ చోట దాని 400 పూర్తిగా రాదు. మీరు కాలు నొక్కగానే గేర్‌బాక్స్ రెండు మెట్లు కిందకి దిగి నాలుగో గేరు వేస్తుంది. దాని నిష్పత్తి 1.64. ఇంజను 2,050కి ఎగురుతుంది, సరిగ్గా బలమున్న చోటు. 400ని 1.64తో గుణిస్తే 656. అదే బస్సు వెనక 350డి ఆరో గేరులోనే ఉండి లాగితే 600. చిన్న ఇంజను గేరు దిగి పెద్ద ఇంజనుని దాటేసింది.

"ఆరు సిలిండర్లదీ గేరు దిగొచ్చు కదా" అని బావగారు వెంటనే పట్టుకున్నారు. దిగొచ్చు. అప్పుడు 984. కానీ పాలకొల్లు రోడ్డులోనో, కాలవ గట్టు మీదో ఆ 984ని పూర్తిగా వాడగలిగే చోటు ఒక్కటి చూపించమన్నాను. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరిచెట్లు, ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు. ఆ వాన పడ్డ ఒండ్రు గట్టు మీదైతే వెనక చక్రాలతో నడిచే బండికి 220డి మొదటి గేరు బలమే టైరు పట్టు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఇంకా బలం పెడితే ఇంకా బురద చిమ్ముతుంది, అంతే.

కాబట్టి నా మాట ఇది. మన నేల మీద ఇలాంటి కారులో డబ్బు పెట్టాల్సింది ఇంజను మీద కాదు, గేర్‌బాక్స్ మీద. అది రెండు బళ్ళలోనూ ఉంది కాబట్టి తక్కువ డబ్బుది తీసుకోవాలి. ఆ రెండూ కొత్తగా అమ్మిన రోజుల్లో వాటి మధ్య తేడా పది లక్షలకు పైమాటే. పాతవాటిలో కొంత తగ్గుతుంది గానీ మాయమైపోదు.

గేర్‌బాక్స్ మీద నాకు ఇంత మోజు ఎందుకో కూడా చెప్పాలి. దాని ముందు భాగంలో టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది, నిండా ఆయిలు. ఇంజను వైపు ఒక రెక్కల చక్రం, గేర్ల వైపు ఒకటి, మధ్యలో ఆయిలుని దారి మళ్ళించే చిన్న చక్రం ఇంకొకటి. ఇంజను చక్రం ఆయిలుని విసిరితే అవతలి చక్రం తిరుగుతుంది. మోటారు పైపు ధార కింద ఇంకో పంపు ఇంపెల్లర్ పట్టుకుంటే తిరుగుతుంది చూడండి, అలాగ. ఇనుము ఇనుముకి తగలకుండానే బలం అవతలికి వెళ్ళిపోతుంది. దీన్ని కనిపెట్టింది హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు, 1905లో, అదీ కార్ల కోసం కాదు, ఓడల కోసం. మన వాళ్ళు ఆటోమేటిక్ కారు నడిపి "వెన్నలా కదిలింది" అంటారే, ఆ వెన్న ఎక్కువ భాగం ఈ డబ్బాలోది. బండి కదిలాక లోపల ఒక క్లచ్ పడి రెండు చక్రాల్నీ బిగించేస్తుంది, ఆయిల్లో బలం వృథా కాకుండా.

ఒక్క మెర్సిడెస్ అనే కాదు. బీఎండబ్ల్యూ వాళ్ళు జడ్‌ఎఫ్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల పెట్టె వాడతారు. 2009లో వాళ్ళ 7 సిరీస్‌తో మొదలై తర్వాత ఎన్నో కంపెనీల బళ్ళలోకి ఎక్కింది. నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు (మధ్య చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే గుత్తులు), అయిదు క్లచ్చులూ బ్రేకులూ, ఏ గేరులో చూసినా వాటిలో రెండే వదులుగా ఉంటాయి. వదులుగా ఉన్నవి తక్కువైతే రాపిడి తక్కువ. ఆ డ్రాయింగు మొదటిసారి చూసినప్పుడు నేను ఒక పూట పని మానేశాను.

పాత బండి కొనేవాళ్ళకి ఒక ముక్క. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు జీవితకాలం మార్చక్కర్లేదని అమ్మేవాళ్ళు అంటుంటారు. ఆ పెట్టె తయారుచేసే జడ్‌ఎఫ్ వాళ్ళే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యనో, ఎనిమిదేళ్ళకో మార్చమంటారు. ఎవరి జీవితకాలం అని అడగండి, బండిదా, వారంటీదా.

పెద్ద గేరు ఏం చేస్తుందో చూపించే అంకె ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 2013లో మెర్సిడెస్ ఈ తొమ్మిది గేర్ల పెట్టెని అప్పటి డీజిల్ ఈ 350లో మొదటిసారి పెట్టినప్పుడు, 120 కిలోమీటర్ల వేగంలో తొమ్మిదో గేరులో ఇంజను 1,350 ఆర్‌పీఎం మాత్రమే తిరుగుతుందని చెప్పింది. మా నాన్నగారి ఆయిలింజను చేలో నీళ్ళు తోడుతూ 1,500 తిరిగేది.

ఇక మసి సంగతి. దీని మీద మా ఇంట్లో ఇంకా గొడవ ఆరలేదు.

బావగారి దగ్గర అంతకు ముందు నుంచీ ఉన్న డీజిల్ కారు బీఎస్ 6 (బళ్ళ పొగకి పెట్టిన ప్రమాణం) రకం. ఏ కంపెనీదో అనవసరం. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళన్నీ బీఎస్ 6 అయ్యాయి. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దించారు, పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు పెట్టారు. ఆ ఫిల్టరు నిండితే దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని లోపలే కాల్చేస్తుంది బండి. అందుకు కాస్త ఎక్కువ డీజిల్ పోస్తుంది. అది జరగాలంటే ఇంజను బాగా వేడి మీద ఉండాలి, బండి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా మంచి వేగంలో పోవాలి.

బావగారి దినచర్య చూడండి. తెల్లవారుజామున ఇంటి నుంచి చెరువుకి నాలుగు కిలోమీటర్లు గట్టు మీద, రెండో గేరు, మూడో గేరు. ఆపి, ఏరేటర్లు చూసి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే లేపి, మేత కట్టలు లెక్కపెట్టి వెనక్కి. మళ్ళీ సాయంత్రం అంతే. మధ్యలో టీ కొట్టు. ఇంజను వేడెక్కేలోపే ఆపేయడం. అయిదు నెలలకి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. సర్వీస్ సెంటరులో ఒక కుర్రాడు "ఏం పర్లేదు సార్, నడిపేయండి" అన్నాడట. నడిపేశారు. రెండు వారాలకి బండి దమ్ము పోయి మూలుగుతోందని నాకు ఫోను చేశారు.

వెళ్ళి డిప్‌స్టిక్ తీశాను. తుడిచి మళ్ళీ పెట్టి తీశాను. ఆయిలు పై గీత దాటి వేలెడు పైన ఉంది. బావగారు చూసి, "తగ్గలేదు కదా, మంచిదే" అన్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమన్నాను. డీజిల్ వాసన. వేళ్ళ మధ్య రాస్తే ఆయిలు జిగట లేదు, నీళ్ళలా జారిపోతోంది. ఫిల్టరు కాల్చడానికి పోసిన డీజిల్, మధ్యలో బండి ఆపేసిన ప్రతిసారీ కాస్త కాస్త సిలిండరు గోడల వెంట కిందకి దిగి ఆయిల్లో కలిసింది. ఆయిలు మార్పించి, స్కానరు పెట్టించి, తాడేపల్లిగూడెం దగ్గర పాత అయిదో నంబరు హైవే ఎక్కించాం. నాలుగో గేరులో పట్టి 2,200 దగ్గర ఉంచాను. పన్నెండో నిమిషం దాటాక కాలిన వాసన మొదలైంది, మీటరులో మైలేజీ పడిపోయింది. తణుకు వచ్చేసరికి దీపం ఆరింది. పక్కకి తీసి ఇంజను కట్టేస్తే ఫ్యాను మాత్రం ఇంకా హోరుమని తిరుగుతోంది, బండి కింద గడ్డి వేడికి ముడుచుకుపోతోంది.

నా వాదనలో ఇది పెద్ద ముక్క. నాలుగు కిలోమీటర్ల గట్టు ప్రయాణానికి పెద్ద ఇంజను ఇంకా ఆలస్యంగా వేడెక్కుతుంది. ఇనుము ఎక్కువ, ఆయిలు ఎక్కువ, దాని శక్తిలో వాడేది మరీ తక్కువ. 286 హెచ్‌పీ ఇంజనుతో 15 హెచ్‌పీ పని చేయిస్తే మసి తప్ప ఇంకేం వస్తుంది? సరిగ్గా ఇదే మాట చెరువుల దగ్గర జనరేటర్ల గురించి పదేళ్ళుగా చెబుతున్నాను. అవసరానికి మూడింతలు పెద్దది కొని, తక్కువ లోడు మీద తిప్పి, సైలెన్సరు నిండా తారు పట్టించి, "బాగుచెయ్యి" అంటారు.

యూరియా గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ మాట అడిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఈ బళ్ళలో యాడ్‌బ్లూ అని ఒక ద్రవం వేరే ట్యాంకులో పోస్తారు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని విరవడానికి. అది శుద్ధమైన నీళ్ళలో 32.5 శాతం యూరియా. ఊడ్పులయ్యాక చేలో చల్లే యూరియా ఇంట్లో 45 కిలోల బస్తాలో ఉంది కదా, కలిపి పోసేద్దాం అనిపిస్తుంది. వద్దు. 2015 నుంచి మన ఎరువు యూరియా అంతా వేపనూనె పూసి వస్తోంది. ఆ నూనె, మిగతా మలినాలు ఆ సన్నటి నాజిల్‌ని, దాని వెనక ఉన్న ఖరీదైన ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. వేప మొక్కకి మంచిదే.

కరెంటు కార్లు వచ్చేశాయి కదా, ఇంకా గేర్ల గొడవేంటని అడిగేవాళ్ళున్నారు. సరైన ప్రశ్నే. మోటారుకి సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్ ఉంటుంది కాబట్టి తొమ్మిది గేర్లు అక్కర్లేదు, ఒక్క తగ్గింపు గేరు చాలు. గట్టు మీద నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి నిజానికి అదే సరిపోతుంది, మసి గొడవా లేదు. బావగారితో అన్నాను. "చెరువుకే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక జనరేటరు పెట్టుకున్నాను, కారుకి కూడానా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంతవరకూ నేనే గెలుస్తున్నాను అనుకున్నాను. అప్పుడు ఆ రెండు బళ్ళనీ అమ్మేవాళ్ళు రావులపాలెం తెచ్చారు, చూసుకోమని. అక్కని కూడా తీసుకెళ్ళాం. 220డిలో సిద్ధాంతం వంతెన దాకా వెళ్ళొచ్చాం. నేను చెప్పినట్టే ఉంది, వంతెన ఎక్కుతుంటే గేరు మారిందో లేదో తెలియలేదు. తర్వాత 350డి. వెనక సీట్లో అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. సెంటర్లో ట్రాఫిక్ ఆగింది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే "ఇంజను కట్టేశాడా?" అంది.

కట్టెయ్యలేదు. నడుస్తూనే ఉంది.

ఇది నాకు ముందే తెలిసుండాలి. నాలుగు సిలిండర్లలో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందకి వస్తాయి, తూకం సరిపోయినట్టే ఉంటుంది. కానీ పిస్టన్ని, అది తిప్పే ఇరుసు క్రాంకునీ కలిపే కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల పిస్టను పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. అందువల్ల క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు ఇంజను రెండుసార్లు పైకీ కిందకీ అదురుతుంది. దాన్ని చంపడానికి క్రాంకుకి రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టులు పెడతారు. లాంచెస్టర్ అనే ఇంగ్లండు ఇంజినీరు వందేళ్ళకు ముందే చెప్పిన ఉపాయం అది, 220డిలోనూ ఉంది. అయితే అది మందు. వరస ఆరుకి ఆ జబ్బే లేదు. 120 డిగ్రీల తేడాతో పేర్చిన ఆరు పిస్టన్ల అదుర్లు ఒకదానికొకటి పూర్తిగా కొట్టేసుకుంటాయి. అందుకే బీఎండబ్ల్యూ దాన్ని ఎప్పుడూ వదల్లేదు. చాలా ఏళ్ళు వీ6లు (ఆరు సిలిండర్లని వీ ఆకారంలో పేర్చినవి) వాడిన మెర్సిడెస్ కూడా 2017లో మళ్ళీ వరస ఆరుకి వచ్చింది. నేను కట్టిన లెక్కల్లో ఎన్‌ఎంలు ఉన్నాయి, ఆర్‌పీఎంలు ఉన్నాయి. ఆగిన బండిలో వెనక సీటు వేసుకోలేదు.

"చూశావా?" అన్నారు బావగారు.

"అదురు లేదు, ఒప్పుకుంటాను. కానీ మీరు దాన్ని చూసి అడగలేదు కదండీ, 286 చూసి అడిగారు."

"ఆ అంకె నాక్కాదోయ్. అడిగేవాళ్ళకి."

350డియే కొన్నారు. నేను పెట్టిన షరతు ఒక్కటే: గట్టు మీదకి పాత బండి, దీన్ని మాత్రం వారానికోసారి హైవే ఎక్కించాలి. ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఫోను వస్తోంది, "గూడెం వెళ్ళొద్దాం రా, మసి కాల్చాలి" అని. అక్క వెనక సీట్లో నిద్రపోతుంది. నేను ముందు కూర్చుని గేరు అంకె చూస్తుంటాను. వచ్చేటప్పుడు బండి తణుకులో ఆపి టిఫిను. పోయినవారం వానకి రోడ్డు ఖాళీగా ఉంది, వందలో పట్టారు. ఎనిమిది దగ్గర కాసేపు ఊగిసలాడి, తొమ్మిది పడింది. "పడిందా?" అన్నారు రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. పడిందన్నాను.